నూట ముప్ఫై ఎనిమిది బాతులు

ఆ నాలుగు బ్లాకుల కాలనీలో ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో పనిచేసి రిటైరైంది కనుక అందరికీ కండక్టరమ్మే. శీతాకాలం పక్షుల లెక్కింపుకు వాలంటీర్లు కావాలని లిఫ్టు దగ్గర కాగితం అంటించిన రోజే వెళ్లి చేరిపోయింది.

"పిట్టల పేర్లు తెలుసా అత్తయ్యా?" అంది కోడలు.

"బస్సెక్కినవాళ్ల పేర్లు తెలిసే లెక్కపెట్టానా?" అంది ఆవిడ, స్వెటర్ గుండీలు పెట్టుకుంటూ.

ఆదివారం పొద్దున్నే పన్నెండుమంది గేటు దగ్గర చేరారు. జట్లు వేసింది బి బ్లాకు పళ్ల డాక్టరు. మెడలో బైనాక్యులర్స్, భుజాన కెమెరా. కాలనీ వెనక చెరువును తన వంతుకు ఉంచుకుని, కండక్టరమ్మను తోడు తీసుకున్నాడు.

"నేను లెక్క చెప్తాను, మీరు రాయండి చాలు," అన్నాడు.

వాళ్లు గట్టెక్కేసరికి పొగమంచు విడిపోతోంది. నీళ్ల నడుమ నుంచి అంచున జమ్ము పొదల దాకా వలస బాతుల గుంపు. డాక్టరు వేలు చూపిస్తూ ఒకటీ రెండూ అని మొదలుపెట్టాడు. అరవై మూడు దగ్గర ఉండగా ఎక్కడో కుక్క మొరిగింది. బాతులు ఒక్కసారిగా లేచాయి. అతను హడావిడిగా కెమెరా ఎత్తి ఫోటో తీశాడు. క్షణంలో అవి అవతలి గట్టు దాటిపోయాయి.

"ప్చ్, లెక్క తప్పింది! సుమారుగా వంద అని రాయండి."

"నూట ముప్ఫై ఎనిమిది," అంటూ ఆవిడ రాసేసింది.

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారండీ?"

"కిక్కిరిసిన బస్సులో ఒక్కొక్కళ్లనీ లెక్కపెడుతూ ఉంటే తర్వాతి స్టాపు వచ్చేస్తుంది బాబూ. ఐదుగురిని ఒక్క చూపులో పట్టాలి. వెనకనుంచి ముందుకి. మీరు ముప్ఫై దాటేలోపే నాది అయిపోయింది."

డాక్టరు నవ్వాడు గాని నమ్మలేదు. గట్టు మీద చతికిలబడి, కెమెరాలో ఫోటోను పెద్దది చేసి రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ నూట ముప్ఫై ఆరే వచ్చింది.

"అబ్బో, రెండే తేడా! నూట ముప్ఫై ఆరు అని దిద్దండి."

"దిద్దను. నేను లెక్కపెట్టింది నీళ్ల మీద ఉన్నవాటిని. మీ ఫోటోలో ఉన్నవి ఎగిరినవి. అంటే రెండు ఇంకా బస్సు దిగలేదన్నమాట, నీళ్లలోనే ఉన్నాయి. పదండి చూద్దాం."

గట్టు వెంబడి నడిచి జమ్ము పొదల దగ్గర ఆగారు. అక్కడే ఉన్నాయి. ఒకదాని రెక్కకు చేపలవల దారం చుట్టుకుని, అది పొదకు బిగుసుకుపోయి ఉంది. రెండోది దాన్ని వదలకుండా పక్కనే తిరుగుతోంది.

కండక్టరమ్మ చీర ఎగదోపి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. చలికి పళ్లు కొట్టుకున్నా ఆగలేదు. డాక్టరు తన కొత్త బూట్లను ఒకసారి చూసుకుని, విప్పి పడేసి వెనకే దిగాడు. ఆవిడ తన భుజం మీది శాలువా కప్పి బాతును గుండెకు అదుముకుంది. అతను కెమెరా సంచిలోని చిన్న కత్తెర తీశాడు.

"కదలనివ్వకండి."

"మీ కుర్చీలో కూర్చున్నవాళ్లు కదలకుండా ఉంటారా ఏంటి? కానివ్వండి."

ఈక తెగకుండా, చర్మం గీసుకోకుండా, ఒక్కో పోగూ కత్తిరించాడు. పది నిమిషాలు పట్టింది. నీళ్ల మీద వదలగానే బాతు రెక్కలు విదిల్చి, కాస్త తడబడి, లేచింది. దాని వెనకే రెండోదీ.

"హస్తవాసి మంచిది బాబూ," అంది ఆవిడ.

"మీ లెక్క లేకపోతే నా చేతికి పనేదండీ?" అన్నాడు డాక్టరు.

పదింటికి క్లబ్బు హాల్లో అందరూ కాగితాలు తెచ్చారు. గోరింకలు యాభై, పావురాలు రెండొందలు, పిచ్చుకలు వంద.

"అన్నీ సున్నాలేనా? పిట్టలన్నీ మాట్లాడుకుని వచ్చాయా?" అంది కండక్టరమ్మ.

హాలంతా నవ్వు. నవ్వు ఆగాక డాక్టరు లేచి, చెరువు దగ్గర తాను ఎలా తప్పబోయాడో దాచకుండా చెప్పాడు. ఎ బ్లాకు లెక్కల టీచరు తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మధ్యాహ్నం దాకా టైముందిగా. మాకూ నేర్పండమ్మా," అన్నాడు.

పన్నెండుమందీ మేడ మీదికెక్కారు. ఎదురు బ్లాకు పిట్టగోడ నిండా పావురాలు. టీచరు గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. ఆవిడ అతని పక్కకు వచ్చి నిలబడింది.

"పెదాలు కదపకండి మాస్టారూ. కళ్లతో పట్టండి. ఆ, ఇప్పుడు చెప్పండి."

"నూట అరవై మూడు!"

"అంతే," అంది కండక్టరమ్మ.