ఫ్రిజ్ మీది కెమెరా

"మెమరీ కార్డుల సాఫ్ట్‌వేర్ ఎక్కించుడే గదా, పది నిమిషాల పని. పొయ్యి మీద కూర ఉండంగనే అయిపోతది," అంటూ హరికృష్ణ అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డునూ, దానికి తగిలించే చిన్న కెమెరానూ నా ముందు పెట్టి ఆఫీసుకు పోయాడు. కూరా నాదే, కార్డూ నాదే. పెళ్లికి ముందు హసన్‌పర్తి కాలేజీ ల్యాబ్‌లో యాభై కంప్యూటర్లు నా చేతిమీదుగా నడిచేవి. ఆ సంగతి నా మొగుడికి ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

కెమెరా గేటుకోసమట, వాడలో దొంగలు తిరుగుతున్నారట. మరి హాల్లో ఫ్రిజ్ మీద పెట్టమనడం దేనికి? అక్కడి నుంచి గేటు కనిపించదు, హాలూ వంటిల్లూ కనిపిస్తాయి. పైగా, "యూజర్ నేమ్ నాది పెట్టు. పాస్‌వర్డ్ పెట్టి నాకు మెసేజ్ చెయ్, తర్వాత దాంతోటి నీకు పనిలేదు," అన్నాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా నేను ఫోన్ పక్కన పడేసి చాప మీద ఉత్తగా పడుకుంటాను. నిద్ర కూడా పోను. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది ఆ అరగంటే. ఆ టైంలో ఫోన్ ఎత్తడం లేదని పోయిన వారం రెండుసార్లు గొణిగాడు. ఆ అరగంటనూ చూడాలనుకుంటున్నాడా? ఒళ్లు మండిపోయింది.

బోర్డులో కార్డు పెట్టి, మానిటర్ లేదు కాబట్టి దాన్ని టీవీకి తగిలించాను. అత్తమ్మ యాకమ్మ చూస్తున్న సీరియల్ ఆగిపోయింది. "జర జల్ది కానియ్యి బిడ్డా," అని విసుక్కుంది. టీవీ తెర మీద దేశం అడిగింది, భాష అడిగింది, వైఫై అడిగింది. యూజర్ నేమ్ దగ్గర కాసేపు ఆగి, నా పేరే, పద్మలత అని కొట్టాను. పాస్‌వర్డ్ కూడా నాకు నచ్చిందే పెట్టాను.

ఆయన చెప్పినట్టే ఫ్రిజ్ మీద పెట్టి కెమెరా ఆన్ చేశాను. టీవీలో అత్తమ్మ ప్రత్యక్షమైంది, చీర పైకి జరుపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటూ. చూసుకుని గబుక్కున చీర దించింది.

"ఇదేంది, గేటుకన్నడు గదా?"

"ఈడ్నే పెట్టమన్నడు అత్తమ్మా. ఇగ రోజంతా ఆఫీసుల కూసోని ఫోన్ల చూస్తడు."

"నన్నా?"

"నన్ను. మధ్యల నువ్వున్నవ్."

ఆమె నూనె సీసాకు మూత బిగించింది. "మీ మామ గూడ గంతే. నీళ్లకు పోయొస్తె ఎవలతోటి మాట్లాడిన్నో ఆరా తీసెటోడు," అంది. "దాన్ని బయటికి తిప్పు."

కెమెరాను కిటికీలో గేటువైపు బిగించాను. మూడింటికి చాప పరిచానో లేదో ఫోన్ మోగింది.

"పాస్‌వర్డ్ పంపలేదేంది? నాకేం కనబడ్తలేదు."

"పంపను. నాకు మంచిగనే కనబడ్తాంది. రోజు నువ్వెప్పుడు వోతానవో, ఎప్పుడొస్తానవో ఇగ నేను చూస్త."