ఈ ఇంట్లో ఎన్ని పొయ్యిలు

జనాభా లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి "ఈ ఇంట్లో ఎన్ని పొయ్యిలమ్మా?" అని అడగగానే సత్యవేణి ఇల్లు ఒక గది మేర పొడుగవుతుంది. గోడలు పగలవు, పెంకులు జారవు. ముందు వంటింటికీ వెనక వసారాకీ మధ్య ఇందాకటిదాకా ఒక్క గదే ఉండేది, ఇప్పుడు రెండున్నాయి. కొత్త గదికి సున్నం కూడా వేసే ఉంది.

"రెండండీ," అంటుంది సత్యవేణి. దాచడానికేముంది, వీధి వీధంతా ఎరిగిన సంగతే. వంటింట్లో ఆమె గ్యాసు పొయ్యి, వసారాలో అత్తగారు వరహాలమ్మ కట్టెల పొయ్యి. చేపల పులుసులో చింతపండు చాల్లేదని అత్తగారు అంది, అయితే మీరే వండుకోండని కోడలు అంది, ఆ పూట నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. కాస్త చింతపండు పిసికి పోసుకుంటే తీరిపోయే గొడవ. కానీ పంతాల ముందు చింతపండు ఏపాటిది!

గవర్రాజు మాస్టారు ఈ వీధి బళ్ళోనే మూడో తరగతికి పాఠాలు చెబుతారు. ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని ఎక్కించుకోవడం ఈ నెల ఆయన డ్యూటీ.

"అయితే రెండు కుటుంబాలమ్మా. ఒక పొయ్యి మీద తినేవాళ్ళంతా ఒక కుటుంబం, మాకు చెప్పిన లెక్క అదీ," అంటూ తలుపు మీద సుద్దతో ఒక నంబరు వేస్తారు. రెండో నంబరుకి చోటు చాలకపోతే తలుపే కాస్త పక్కకి సాగుతుంది. "మీ ఆయనో?"

"సాయంత్రానికి వచ్చేస్తారండి."

"రాడమ్మా. ధనరాజుని నిన్ననే స్టేషను దగ్గర హోటల్లో రాసేశాను. మూడు పూటలా అక్కడే తింటున్నాడు కదా."

నిజమే. ఏ పొయ్యి దగ్గర కూర్చున్నా రెండో పొయ్యి ఇంతెత్తున లేస్తుందని ఆ మహానుభావుడు ఇడ్లీ సాంబారుతో కాలక్షేపం చేస్తున్నాడు. మెట్టు మీదున్న అతని చెప్పులు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వీధిలోకి దిగి స్టేషను వైపు నడిచిపోతాయి. సత్యవేణి వాటిని పిలవదు. రాసేశాక ఎవరు మాత్రం ఆపగలరు?

"మరి పాప?" అంటారు మాస్టారు.

ఇల్లు ఇంకో రెండు గదులు సాగుతుంది. నట్టనడి గదిలో లాస్య ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల. గుమ్మం నుంచి చూస్తే బొమ్మంత కనిపిస్తోంది.

"పొద్దున్న వాళ్ళ నానమ్మ దగ్గర పెరుగన్నం, రాత్రి నా దగ్గరండీ."

"అలా కుదరదమ్మా, ఒక మనిషికి ఒక పొయ్యే. రెండు చోట్లా రాస్తే దేశంలో ఒకరు ఎక్కువైపోతారు."

"అసలు రాయకపోతే?"

"ఒకరు తక్కువైపోతారు."

"ఎవరికండీ తక్కువ?"

మాస్టారు ఫోనులో పైకీ కిందికీ వెతుకుతారు. "ఆ ప్రశ్న ఇందులో లేదు. పొద్దు గుంకేలోపు ఈ వీధి ముగించెయ్యాలి. ఏ పొయ్యికీ రాయని మనిషి ఏ పొయ్యి దగ్గరా ఉండడు, నేనేం చెయ్యను?"

"నాకు రాయండి. కన్నదాన్ని నేను!"

మాస్టారు రాస్తారు. లాస్య కంచంతో సహా నేల మీద జారుతూ వంటింటి వైపు రావడం మొదలెడుతుంది. ఈలోగా ఇంటి ఆ చివర నుంచి వరహాలమ్మ గొంతు, చాలా గదులు దాటి సన్నబడిపోయి వినిపిస్తుంది. "నాకు రాయండి మాస్టారూ! పురిటి గుడ్డల్నించీ పెంచినదాన్ని!" మాస్టారు కంగారులో అదీ రాస్తారు. పిల్ల ఆగిపోతుంది. కుడి చెయ్యి ఇటు సాగుతుంది, ఎడమ చెయ్యి అటు సాగుతుంది. చేతులు గదుల గుమ్మాలు దాటుతుంటే గాజులు ఒక్కొక్కటే చిట్లుతాయి.

"అమ్మా, నొప్పి! నానమ్మా, నొప్పి!"

సత్యవేణికి పంతం గింతం ఏమీ గుర్తు రాదు. పిల్ల ఉంటే చాలు, ఎవరి దగ్గరైనా ఉండనీ.

కానీ అత్తగారితో నేరుగా మాట్లాడ్డం నాలుకకి అలవాటు తప్పింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో మాటలన్నీ పిల్ల మీదుగానే నడిచాయి. ఉప్పు అయిపోయిందని మీ అమ్మకి చెప్పవే. డబ్బాలో ఉంది తీసుకోమని మీ నానమ్మకి చెప్పవే. ఇప్పుడూ ఆమె నోటికి అదే వస్తుంది.

"లాస్యా! నా పొయ్యి ఆర్పేస్తున్నాను. ఆవిడ పొయ్యి ఆర్పొద్దని చెప్పవే! నిన్ను ఆవిడకే రాయించుకోమని చెప్పు!"

ఆ మాట గదిగదీ దాటుకుంటూ నడిచి వెళ్ళాలి. అటు నుంచి కూడా ఏదో మాట బయల్దేరినట్టు అలికిడవుతుంది కానీ ఇంకా చాలా దూరంలో ఉంది. సత్యవేణి ఆగదు. వంటింట్లోకి పరిగెత్తి సిలిండరు మర తిప్పేస్తుంది. నీలం మంట చప్పున ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే వసారాలో మండే కట్టెల మీద నీళ్ళు కుమ్మరించిన చప్పుడు చుయ్యిమంటుంది.

ఆ తరవాత వచ్చి చేరుతుంది అత్తగారి మాట. "లాస్యా! నా పొయ్యి ఆర్పేసుకుంటున్నాను. మీ అమ్మని ఆర్పొద్దని చెప్పవే! ఎంతైనా అది కన్నతల్లి."

పాపం, నడి గదిలో పిల్ల ఒక చెవిలో ఒక మాట, రెండో చెవిలో ఇంకో మాట పట్టుకుని, ముందు ఎటు వెళ్ళాలో తెలియక అలాగే కూర్చుని ఉంది.

పొయ్యిలు రెండూ ఆరేసరికి సాగిన గదులన్నీ ఒకదాన్లో ఒకటి దూరిపోతాయి, పిల్ల చేతులూ మామూలవుతాయి. అత్తా కోడలూ ఒక్క గదిలో, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నిలబడి ఉంటారు.

"ఆర్పేశావా?" అంటుంది వరహాలమ్మ.

"మీరూ ఆర్పేశారా?" అంటుంది సత్యవేణి.

ఎన్నాళ్ళకో మాట్లాడుకున్నారు. సంతోషించే తీరికెక్కడుంది!

"పొయ్యి లేనప్పుడు కుటుంబం లేదమ్మా. ఖాళీ ఇల్లని రాసుకోవాలి," అంటూ మాస్టారు తలుపు మీది నంబర్లు చేత్తో తుడిచేస్తారు. తుడిచినచోట తలుపు కూడా చెరిగిపోయి వీధి కనిపిస్తుంది. సత్యవేణి అగ్గిపుల్లలు గీస్తుంది, తలలు ఊడిపోతాయి. సిలిండరులో గ్యాసు లేదు. వరహాలమ్మ బూడిదంతా చేతుల్తో కెలుకుతుంది, ఒక్క నిప్పు రవ్వ దొరకదు. గోడలు పల్చబడుతున్నాయి. ఎండ ఎర్రబడుతోంది.

"ఒక్క పొయ్యి చూపించండమ్మా," పడమటి వైపు చూస్తూ అంటారు మాస్టారు. "ఒక్కటి చాలు. అందర్నీ కలిపి రాసేస్తాను."

"అమ్మా, ఆకలి," అంటుంది లాస్య. ఆ మాటతో పాటు నోట్లోంచి కాస్త పొగ వస్తుంది.

గొంతుక్కూర్చుని ఉంది పిల్ల. రెండు మోకాళ్ళూ గడ్డమూ పొయ్యి మీద గిన్నెని మోసే మూడు గుబ్బల్లా సరిగ్గా కుదిరాయి. వాటి మధ్య ఎర్రగా మంట అంటుకుంటుంది. వరహాలమ్మ అలవాటుకొద్దీ ఎసరు గిన్నె తెచ్చి పెడుతుంది. గిన్నె ఇటూ అటూ ఊగకుండా కూర్చుంటుంది.

"హమ్మయ్య," అంటారు మాస్టారు. "పొయ్యి ఒకటి. కుటుంబం ఒకటి. ఆడవాళ్ళు ఇద్దరు. పిల్లలు?"

ఇద్దరూ గిన్నె వైపు చూస్తారు. ఉన్నారని చెబితే పొయ్యి లేదు.

"లేరన్నమాట," అని మాస్టారు రాసుకుంటారు. తలుపు మళ్ళీ వచ్చి చేరితే దాని మీద శ్రద్ధగా ఒక్క నంబరు వేసి, పక్కింటికి వెళ్ళిపోతారు.

మంట కాస్త తగ్గుతుంది. సత్యవేణి ఒక పక్క, వరహాలమ్మ ఒక పక్క నేల మీదికి వంగి ఊదుతారు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకరు ఊదుతారు.

"అమ్మా, ఆకలి," అంటుంది మంట.

"ఉడుకుతోందే తల్లీ, ఇదిగో అయిపోతోంది," అంటారు ఇద్దరూ ఒక్క గొంతుతో, ఇంకా గట్టిగా ఊదుతూ.