నాలుగో బెర్తు

స్మరాండ క్యాబేజీ ఆకుల్లో కీమా, బియ్యం పెట్టి చుడుతుంటే భర్త హొరియా వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు: "చెల్లెలు కోరినా బిడ్డ బాప్తిస్మం దగ్గర పడింది. వియన్నా టికెట్లు ఇంకా తియ్యలేదా? ఫోన్లో రెండు నిమిషాల పని!"

రెండు నిమిషాల పనైతే తనే ఎందుకు చెయ్యడు? అనుకుంది స్మరాండ. ఫోన్లో ఒక సైట్‌లో రైలు కనిపిస్తే బెర్తులుండవు. బెర్తులున్నచోట సరిహద్దు దాటాక రైలే మాయం. అత్తగారు అవుర్కా పైబెర్తు ఎక్కలేదు. హొరియాకి బాత్రూం పక్కనైతే నిద్ర పట్టదు. కూతురు ఇలింకాకి కిటికీ కావాలి. ఇవన్నీ బుర్రలో తిప్పుకుంటూ, తను పనిచేసే మందుల షాపులో ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయింది. "ఇంటి సంగతులు ఇంట్లో వదిలేసి రామ్మా" అన్నాడు యజమాని. వదిలేస్తే వాటిని అక్కడ ఎవరు పట్టుకుంటారో ఆయన చెప్పలేదు.

మర్నాడు భోజనం మానుకుని తమ ఊరు బ్రషోవ్‌లోని స్టేషన్‌కి వెళ్ళింది. విదేశీ టికెట్ల కిటికీ వెనక కళ్ళజోడావిడ చాలాసేపు వెతికింది.

"శుక్రవారం బండిలో మూడు బెర్తులే ఉన్నాయమ్మా. నాలుగోది గురువారం బండిలో ఇస్తాను. ఒకరు ముందు వెళ్ళాలి."

స్మరాండ హొరియాకి ఫోన్ చేసింది.

"ఒకరంటే? అమ్మని ఒంటరిగా పంపుతావా? పిల్లనా?"

"నువ్వు వెళ్ళొచ్చుగా."

ఫోన్లో నవ్వు. "నేను ముందెళ్ళి ఏం చెయ్యను? నువ్వే వెళ్ళు, కోరినాకి వంటలో సాయం ఉంటుంది."

అంతే, తేలిపోయింది. కళ్ళజోడావిడ అడిగింది: "మీకు పైబెర్తా, కిందదా?"

"ఏదైనా పర్వాలేదు."

"ఏదైనా అనేది కంప్యూటర్లో లేదమ్మా."

వెనక లైన్లో ఎవరో దగ్గారు. తనకి ఏది ఇష్టం? అందరూ సర్దుకున్నాక మిగిలినచోట నడుం వాల్చడమే అలవాటు. "పైన" అంది, ఎందుకో తెలియకుండానే.

"గురువారం పెట్టె బుడాపెస్ట్ దాకే. శుక్రవారం పొద్దున దిగి వియన్నా బండి ఎక్కాలి. వెంటనే ఉన్నది ఇవ్వనా, తర్వాతదా?"

"తర్వాతదంటే ఎప్పటిది?"

"మీ ఇష్టం. రోజంతా ఉన్నాయి, మర్నాడూ ఉన్నాయి."

బుడాపెస్ట్‌లో తనకెవరూ తెలీదు. భాష రాదు. ఎక్కడ పడుకోవాలి? ఏం తినాలి? ఎవరికి వడ్డించాలి? ఇది భయమో, ఇంకేదో అర్థం కాలేదు. వెంటనే ఉన్నది అడుగుదామనే నోరు తెరిచింది.

"మర్నాటిది ఇవ్వండి. శనివారం పొద్దుటిది."

టికెట్లు తీసుకుని పక్కకి జరిగింది. తప్పు చేశానా? వెనక్కిచ్చేస్తే తీసుకుంటారా? అనుకుంటుండగానే ఫోన్ మోగింది.

"కోరినాకి చెప్పేశాను, శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తావని" అన్నాడు హొరియా.

"నేను శనివారం వస్తాను. మీతో పాటే."

"గురువారం బయల్దేరి శనివారం వస్తావా? మధ్యలో రోజంతా ఏం చేస్తావ్?"

"నాకింకా తెలీదు" అంది స్మరాండ. "తెలిశాక నీకు చెప్తానో లేదో, అదీ తెలీదు."