బండి ఆపి ఉంది

దుప్పటికి చెరో వైపూ పట్టుకుని అత్తాకోడళ్ళు వెనక వసారాలో దులుపుతున్నారు. తడి దుప్పటి ముడతలు పోవాలంటే ఇద్దరూ ఒకేసారి వెనక్కి లాగాలి. కోడలు ఇవాళ లాగడం లేదు. అత్త లాగినప్పుడల్లా దుప్పటితో పాటు తనూ ఒక అడుగు ముందుకు వస్తోంది.

“దుప్పటి లాగమన్నాను గాని, నా మీదకి రమ్మన్లేదే తల్లీ,” అంది అత్త.

కోడలు నవ్వలేదు. కొస వదిలేసి గోడకు ఆనుకుంది. సోమవారం మధ్యాహ్నం పని నుంచి వచ్చింది మొదలు ఇంతే. ఇవాళ బుధవారం. రెండు రోజులుగా పనిలోకి వెళ్ళలేదు, ఎందుకు వెళ్ళలేదని ఎవరూ అడగలేదు.

ఆమె పనిచేసేది పెద్ద లాండ్రీలో. ఊళ్ళోని హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రుల పక్కబట్టలూ అన్నీ అక్కడికే వస్తాయి. పద్నాలుగు వ్యాన్లు పొద్దున ఆరింటికి బయల్దేరి, మాసినవి తెస్తూ, ఉతికినవి ఇస్తూ సాయంత్రందాకా తిరుగుతూనే ఉంటాయి. ఆ పద్నాలుగు బండ్లకూ ఫోన్లు చేసి ఎవరెక్కడున్నారో కనుక్కోవడం, ఎక్కడ ఏం తగ్గిందో చెప్పడం ఆమె పని. అందుకే డ్రైవర్లంతా ఆమెను ఫోనమ్మ అంటారు. ఆమె భర్త అదే లాండ్రీలో బాయిలరు దగ్గర. ఇంట్లోకి వచ్చే రెండు జీతాలూ ఒకే గేటు లోంచి రావాలి.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఫోను మూడో రింగు లోపల ఎత్తాలి. దాటితే ఆ డ్రైవరు ఎదురుగా షీటులో ఎర్ర చుక్క. నాలుగు చుక్కలకు ఒక పూట జీతం కోత. చుక్క పెట్టేది ఫోనమ్మే. బండి తోలేవాడు ఎలా ఎత్తుతాడని ఎవరూ అడగలేదు. అందరూ ఎత్తుతున్నారు కనక అడగాల్సిన అవసరం రాలేదు.

ఎత్తనివాడు ఒక్కడే. వాళ్ళలో అందరికంటే పెద్దవాడు. అతనికి నిదానం అని పేరు పెట్టారు. ఫోను మోగితే నిదానం పక్క లైటు వేసి, బండిని రోడ్డు వారకు తెచ్చి, ఇంజను ఆపి, అప్పుడు తనే తిరిగి ఫోను చేసేవాడు. “చెప్పమ్మా, ఆపుకున్నాను,” అనేవాడు. అప్పటికి ఏడెనిమిది రింగులు అయిపోయి ఉండేవి. అతని ఎదురుగా ఎర్ర చుక్కలు చీమల బారులా ఉండేవి. తోటి డ్రైవర్లు, నీ జీతం నెలకు పాతిక రోజులేనోయ్ అని ఆటపట్టించేవారు. అతను మాత్రం, నా బండి కింద చీమ కూడా పడలేదురా అనేవాడు.

ఫోనమ్మకు ఆ చుక్కలు పెట్టడానికి చెయ్యి వచ్చేది కాదు. కిందటి నెల జీతాల రోజున అతను కవరు విప్పి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకోవడం కిటికీ లోంచి చూసింది. మర్నాడు ఫోను చేసి బతిమాలింది. అన్నా, ఎత్తి ఊ అను చాలు, మిగతాది నేను చూసుకుంటాను, నా చేత ఈ పాపం చేయించకు అంది. ఆ రోజు నుంచి నిదానం మొదటి రింగుకే ఎత్తడం మొదలుపెట్టాడు. ఫోనమ్మకు ఎంత సంతోషమైందంటే, ఆ సంగతి ఇంటికొచ్చి అత్తకు కూడా చెప్పింది.

సోమవారం పొద్దున తొమ్మిదీ నలభై రెండుకు ఆమె అతనికి ఫోను చేసింది. ఒక హోటలుకు పన్నెండు దిండు గలీబులు తక్కువ వచ్చాయి, నీ బండిలో ఉండిపోయాయా అని అడిగింది. “చూస్తా ఉండమ్మా,” అన్నాడు. వెనక్కి తిరిగినట్టున్నాడు, గొంతు దూరమైంది. తరవాత ఒక చప్పుడు. ఆ వెంటనే ఇనప ముక్కలేవో గుప్పెళ్ళ కొద్దీ సిమెంటు మీద రాలినట్టు గలగలమని చాలాసేపు వినిపించింది. హలో, హలో అంది. ఫోను ఆగిపోయింది. షీటులో సమయం వేసింది. రింగు దగ్గర ఒకటి అని రాసింది. పక్కన, చూస్తానన్నాడు అని రాసింది. ఆ తరవాత ఇంకో నాలుగు బండ్లకు ఫోను చేసింది. అయిదో ఫోనుకు ఆ డ్రైవరు, నీకింకా తెలీదా అని మొదలుపెట్టాడు.

ఆ రాలినవి తాళంచెవులు. సైకిలు వెనక పెట్టె కట్టుకుని, వీధివీధీ తిరిగి తాళాలు బాగుచేసే మనిషిని నిదానం వ్యాను వెనకనుంచి కొట్టింది.

వీధి తలుపు తీసిన చప్పుడైంది. భర్త ముందు వచ్చాడు. పనిబట్టల్లోనే ఉన్నాడు. ఆయన వెనక మేనేజరు, చంకలో అట్ట ఫైలు.

మేనేజరు ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. అత్తకు నమస్కారం పెట్టాడు, కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు, టీ అంటే వద్దనలేదు. ఫోనమ్మను చెల్లెమ్మా అన్నాడు. రెండు రోజులుగా నీ మనసు బాగాలేదని తెలుసు, జీతం కొయ్యవద్దని నేనే చెప్పాను అన్నాడు. తరవాత ఫైలు విప్పి రెండు షీట్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి సోమవారం పొద్దున ఆమె రాసింది. రెండోది ఖాళీది, కొత్తగా అచ్చు వేయించింది.

కొత్తదానిలో రింగుల గడి లేదు. ఎర్ర చుక్కల గడీ లేదు. ఆ రెండూ ఉన్న చోట ఒకే వెడల్పాటి గడి, దాని మీద “బండి ఆపి ఉందా?” అని ఉంది.

“మధ్యాహ్నం మూడింటికి పోలీసు స్టేషను నుంచి మనిషొస్తాడు. సోమవారం పొద్దుటి షీటు అడుగుతాడు. ముప్పై నాలుగు ఫోన్లు. నీ చేతిరాతతోనే ఉండాలి,” అన్నాడు. “పెద్ద పనేం కాదు చెల్లెమ్మా. సమయాలు అవే, మాటలు అవే. ఈ గడిలో మాత్రం ‘ఆపి ఉంది’ అని రాసుకుంటూ పో.”

“ఆపి లేవు కదండీ,” అంది ఆమె.

“నువ్వు చూశావా?”

ఆమె బల్ల మీది పాత షీటు వైపు చూసింది.

“చూడలేదు కదా. నువ్వడిగావు, వాడు ఆపానన్నాడు. అంతే. నీ మీదకి రాదు, కంపెనీ మీదకి రాదు.”

“మరి ఆయన మీదకి?”

“వాడి మీద ఎలాగూ ఉంది,” అని మేనేజరు టీ గ్లాసు అందుకున్నాడు.

నిదానం సోమవారం నుంచీ స్టేషనులోనే ఉన్నాడు. ఫోను మాట్లాడుతున్నావా అంటే అవునన్నాడట. ఎవరితో అంటే నోరు విప్పలేదట. ఆ సంగతి మేనేజరే చెప్పాడు. వాడికి నువ్వంటే గౌరవం, చెప్పడు అన్నాడు. ఫోనులో చూస్తే ఆఫీసు నంబరు ఎలాగూ కనబడుతుంది, అందుకే ఈ షీటు కావలసి వచ్చిందనీ దాచకుండా చెప్పాడు. పాతదాన్ని భర్త వైపు జరిపి, ఇది నువ్వు బాయిలర్లో వేసెయ్యి అన్నాడు, చిత్తుకాగితం మాట చెప్పినంత తేలిగ్గా. భర్త ఆ షీటును ముట్టుకోలేదు, వద్దనీ అనలేదు.

“ఒక్క గంట పనే,” అన్నాడు భార్యతో. “రాసెయ్యి. పిల్ల బడి నుంచొచ్చేలోగా అయిపోతుంది.”

అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. ఆవిడ లోకం చూసిన మనిషి, ఎవరికీ వెరవదు. “నువ్వు రాస్తే ఆ తాళాలాయన లేచి నడుస్తాడా? రాయకపోతే లేచి నడుస్తాడా?” అంది కోడలితో. “నడవడు. అలాంటప్పుడు మనమూ మంచాన పడటం దేనికి?”

ఫోనమ్మ బల్ల దగ్గరకు వచ్చింది. కలం తీసుకుని కూర్చుంది.

ఆరూ పది. మూడో నంబరు బండి. హోటలు చేరాడు. ఆపి ఉంది.

ఆరూ ఇరవై రెండు. తొమ్మిదో నంబరు. రోడ్డు మీద రద్దీ. ఆపి ఉంది.

చెయ్యి దాని పాటికి అది రాస్తోంది. మనసు నిన్న సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఉండిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. తాళాలాయన తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. తలకు దెబ్బ. ఇంకా తెలివి రాలేదు. ఆయన భార్య బయట బల్ల మీద కూర్చుని, ఒళ్ళో గోనెసంచీ విప్పుకుని తాళంచెవులను ఒక తీగకు గుచ్చుతోంది. మట్టి అంటిన వాటిని కొంగుతో తుడిచి గుచ్చుతోంది. ఫోనమ్మ కాసేపు నిలబడి చూసి, వెనక్కి తిరగబోతుంటే ఆవిడే పిలిచి, కాస్త ఈ కొస పట్టుకుంటావా అంది. ఫోనమ్మ పట్టుకుంది.

“రోడ్డు మీద జనం మంచోళ్ళమ్మా, ఏరి ఇచ్చారు. నూట అరవై ఉండాలి. ఇంకా పాతిక దాకా తగ్గాయి. లేవగానే మొదట అవే అడుగుతాడు,” అని ఆవిడ తల ఎత్తింది. “ఇంతకీ నువ్వెవరి తాలూకు?”

ఊరికే వచ్చానంది ఫోనమ్మ. ఆసుపత్రికి ఊరికే ఎవరొస్తారన్న అనుమానం ఆవిడ ముఖంలో ఒక్క క్షణం కనబడింది. తరవాత ఇంకో తాళంచెవి తుడవడంలో పడిపోయింది.

తొమ్మిదీ ముప్పై ఒకటి. పన్నెండో నంబరు. తువ్వాళ్ళు దించాడు. ఆపి ఉంది.

తొమ్మిదీ ముప్పై ఎనిమిది. రెండో నంబరు. బయల్దేరాడు. ఆపి ఉంది.

ఆ కింద తరవాతి వరస. పాత షీటులో ఆమె సొంత అక్షరాలు, గుండ్రంగా, తొణక్కుండా ఉన్నాయి. తొమ్మిదీ నలభై రెండు. ఆరో నంబరు. రింగు, ఒకటి. చూస్తానన్నాడు.

సమయం రాసింది. బండి నంబరు రాసింది. కలం గడి దగ్గర ఆగింది. ఆ మనిషి ఉద్యోగమంతా చేసింది అదొక్కటే. బండి ఆపడం. అది తప్పని తను నెలనెలా ఎర్ర సిరాతో రాసింది. బతిమాలి మాన్పించింది. ఇప్పుడు ఆపాడని రాయాలి, అదీ ఆపని ఆ ఒక్కసారికి.

“ఏమైంది?” అన్నాడు మేనేజరు.

“ఏం లేదండి. సిరా ఆరనివ్వండి.”

ఆయన గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది. కూర్చుని విసుగెత్తిందో, ఏదో పని గుర్తొచ్చిందో, జేబులోంచి ఫోను తీసి ఎవరికో కలిపి బల్ల మీద పెట్టాడు. అందరికీ వినబడుతోంది. ఒక్క రింగు. రెండోది పూర్తికాకుండానే అవతల ఎత్తారు. ఇంజను మోత, పక్కనుంచి దూసుకుపోతున్న బస్సుల హోరు గదంతా నిండిపోయాయి.

“ఎక్కడున్నావురా?”

“వంతెన దిగుతున్నా సార్.” గొంతు కుర్రగా ఉంది. ఆరో నంబరుకు కొత్తగా పెట్టిన డ్రైవరని ఫోనమ్మకు తెలిసింది.

“ఆసుపత్రి లిస్టు ఉందా నీ దగ్గర? చదువు. దుప్పట్లెన్ని?”

“ఒక్క నిమిషం సార్... కాగితం పక్క సీట్లో ఉంది... తీస్తున్నా...”

ఆ హోరులోంచి సన్నగా సైకిలు బెల్లు మోగింది. ఒకసారి. మళ్ళీ, ఈసారి దగ్గరగా, గబగబా రెండుసార్లు.

గదిలో ఎవరూ కదల్లేదు. అత్త పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త చూపు ఫోను మీదే ఉండిపోయింది. మేనేజరు టీ గ్లాసు సగందాకా ఎత్తి అలాగే పట్టుకున్నాడు. ఇంజను మోత, హోరు, ఇంకో బస్సు.

“సార్, దొరికింది,” అంది ఫోను. “దుప్పట్లు నూట నలభై సార్.”

“సరే, జాగ్రత్తగా వెళ్ళు,” అని మేనేజరు ఫోను ఆపాడు. గ్లాసు దించి, ఎవరూ అడక్కుండానే, “ఏం కాలేదు,” అన్నాడు.

ఫోనమ్మ కలానికి మూత పెట్టింది. కొత్త షీటును అలాగే బల్ల మీద వదిలేసింది. పాత షీటును రెండు మడతలు పెట్టి చేతిలోకి తీసుకుంది. మేనేజరు ముందు అర్థంకానట్టు చూశాడు. తరవాత అర్థమైంది. లేచాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

“చెల్లెమ్మా, అది కంపెనీ కాగితం. అందులో ఉన్నది నీ చేతిరాత. చుక్కలు పెట్టింది నువ్వు. ఫోను చేసింది నువ్వు. మొదట నువ్వే పోతావు.”

నిజమే. ఆ సంగతి ఆయనకంటే ముందు ఆమెకు తెలుసు. రెండు రోజులుగా తెలిసింది అదొక్కటే. మూలనున్న చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. అత్త గుమ్మంలోంచి లేవలేదు గాని, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుంది. ఒక మనిషి దాటేంత చోటు అయింది.

వీధి తలుపు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వెళ్ళి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. ఒక చెయ్యి తలుపు చట్రానికి అడ్డంగా ఆనించాడు. బాయిలరు ఆవిరికి కమిలిన చెయ్యి, మోచేతిదాకా మచ్చలు. “ఇద్దరికీ ఉద్యోగం పోతుంది,” అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేట్టు. “ఆలోచించావా?”

ఆమె కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. పక్కకు తప్పుకోమనలేదు. ఆ చెయ్యి ముందు నిలబడి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు ఆమె చేతిలోని కాగితం మీదకి పోయి, అక్కణ్ణుంచి ఎటో పక్కకి పోయాయి. లోపల మేనేజరు ఎవరికో ఫోను కలుపుతున్నాడు.

భర్త చెయ్యి దించాడు అనడం కంటే, అదే దిగిపోయిందనాలి. ఆమె మెట్లు దిగి వీధిలోకి, స్టేషను వైపు నడిచింది.