పిడుగుని లోపల పెట్టి వెళ్ళు

"వెళ్ళేముందు దాన్ని లోపల పెట్టి వెళ్ళు," అంటారు మా ఆయన, రోజూ నేను చెప్పులు వేసుకునే సమయానికి. లోపల అంటే హాల్లో సోఫా పక్కనున్న ఇనుప చువ్వల బోను. బోను అనకూడదట, క్రేట్ అనాలట. "అది దాని గది. కుక్కలకి అలాంటి చోటే ఇష్టం," అని వీడియోలు చూసి చెబుతారు. అంత ఇష్టమైతే గొళ్ళెం దేనికో నాకు బోధపడదు.

పిడుగు ఇంకా ఏడాది నిండని కుక్కపిల్ల. పేరుకు తగ్గదే. తోక ఊపిందంటే టీపాయ్ మీద గ్లాసు కింద పడాల్సిందే. దాన్ని తెచ్చింది ఆయనే. ఇంట్లోనే కంప్యూటర్ ముందు ఉద్యోగం, పొద్దస్తమానం ఒక్కణ్ణే ఉంటున్నాను, తోడుంటుంది అన్నారు. వారం తిరక్కుండానే ఆ తోడు మీటింగుల్లో మొరుగుతోందని బోను వచ్చింది. కొన్నది ఆయన, అలవాటు చేసింది నేను. తలుపు తీసే ఉంచి, లోపల తిండి గిన్నె పెట్టి, పక్కనే నేలమీద చతికిలబడి, "భయం లేదే తల్లీ" అని బతిమాలి బతిమాలి అలవాటు చేశాను. గంటా రెండు గంటలైతే హాయిగా పడుకునేది కూడా. ఆ గంట కాస్తా నేను ఇంట్లో లేనంతసేపూ అయి కూర్చుంది.

నేను కళ్ళద్దాల వర్క్‌షాపులో పనిచేస్తాను. ఫ్రేముకి సరిపోయేలా అద్దాల అంచులు అరగదీయడం నా పని. కాస్త ఎక్కువ అరిగిందా, అద్దం దండగ. ఊపిరి బిగబట్టి చేయాలి. సాయంత్రానికి మెడ కొయ్యబారిపోతుంది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుతుంటే నేను పిడుగుని బయట తిప్పడానికి ఇంటికి పరుగెడతాను. "మీ వర్క్‌షాపు దగ్గరే కదా, నీకూ నడిచినట్టుంటుంది," అన్నారాయన. నడిచినట్టే ఉంది, మండుటెండలో. నిలబడి నాలుగు మెతుకులు మింగి మళ్ళీ పరుగు. ఇక సాయంత్రం తలుపు తీసేసరికి పగలంతా దాచుకున్న బలమంతా పిడుగు నామీదే చూపిస్తుంది. దాని తప్పేముంది? చేతులనిండా దాని గోళ్ళ గీతలతోనే వంట మొదలుపెడతాను.

పోయిన వారం మధ్యాహ్నం కింది వాటా పెద్దావిడ నా వెనకే మెట్లెక్కి వచ్చింది. "ఏమ్మా, ఆ కుక్క ఏడుపు వినలేక ఛస్తున్నాం. చూసుకునే తీరిక లేనిదానివి ఎందుకు తెచ్చుకున్నావు?" అంది. తలుపు తీసిన మా ఆయన టీ కప్పుతో గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆయన టీ ఊదుకున్నారు. "ఇకమీదట చూసుకుంటానండీ," అని నేనే అన్నాను. ఆవిడ వెళ్ళాక, "పెద్దావిడ, ఏదో అంది, మనసులో పెట్టుకోకు," అని, మిగిలిన టీ తాపీగా తాగి, మొహం మీద తువ్వాలు కప్పుకుని నడుం వాల్చారు. అప్పుడు వెలిగింది నాకు. ఆయనకీ లంచ్ టైముంది! నాదీ ఆయనదీ ఒకటే వేళ! ఇన్నాళ్ళూ నా బుర్రకెందుకు తట్టలేదో. పైగా మువ్వ చప్పుడుకి ఆయన ఎక్కడ లేస్తారోనని, పిడుగు మెడలోని మువ్వని గుప్పిట్లో పట్టుకుని మరీ బయటికి తీసుకెళ్ళేదాన్ని.

నిన్న మా మేడమ్ పిలిచారు. ఊరి అవతల కొత్త వర్క్‌షాపు తెరుస్తున్నారట. "ఇన్‌చార్జిగా నువ్వుంటే నాకు బెంగ ఉండదు. రేపటికల్లా ఏ సంగతీ చెప్పు," అన్నారు. మనసు గంతేసింది. నోరు మాత్రం "ఇంట్లో అడిగి చెబుతానండీ" అంది. "సరే, అడుగు," అన్నారు మేడమ్. ఆ "సరే"కి నాకు తల కొట్టేసినట్టయింది, సొంతంగా చెప్పలేనని ఆవిడకి ముందే తెలిసినట్టు.

అడిగాను. "మంచిదేగా," అన్నారు మా ఆయన. ఆ వెంటనే, "మరి మధ్యాహ్నం దీని సంగతి?" అన్నారు. వేరే ఊళ్ళో ఉండే అత్తగారు ఫోన్లో అందుకున్నారు. "నోరులేని జీవమ్మా. అంతసేపు లోపల పెడితే ఉసురు తగలదూ? ఉద్యోగానికేం, ఇది కాకపోతే ఇంకోటి." ఆవిడ గొంతు నిజంగానే వణికింది. నా మెడనొప్పి విన్నప్పుడు ఆ గొంతు ఏనాడూ వణకలేదు.

రాత్రి పక్కమీద ఆలోచిస్తూ పడుకున్నాను. నన్ను ఆపుతున్నది వాళ్ళ మాటలు కావు, పిడుగే. నేను రాకపోతే అది ఉగ్గబట్టుకుని, ఇక పట్టలేక బోనులోని పరుపు తడిపి, ఆ తడిలోనే ముడుచుకు పడుకుంటుందని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆయనకీ తెలుసు. నా జాలి మీదే ఆయన తీరికంతా నడుస్తోంది. నేనే బోనులో ఉన్నానని కాసేపు ఏడుద్దామనుకున్నాను గానీ, ఏడుపు రాలేదు. అందులో ఉన్నది పిడుగు. పెడుతున్నది నేను. ఆయన పని సాఫీగా సాగాలని, ఆయన చేతికి ఆ పాపం అంటకుండా, రోజూ గొళ్ళెం వేస్తున్నది నా చెయ్యి. ఒళ్ళు మండిపోయింది.

పొద్దున్నే పిడుగుని వీధిలో బాగా పరుగెత్తించి తెచ్చాను. మేడమ్‌కి ఫోన్ చేసి, "చేస్తానండీ," అన్నాను. ఆయన వింటూనే ఉన్నారు. చెప్పులు వేసుకున్నాను. బోను తలుపు బార్లా తీసి ఉంది. పిడుగు హాలంతా ఒక చుట్టు చుట్టి, ఆయన కుర్చీ కిందికి దూరి, హెడ్‌ఫోన్స్ వైరు నోట కరుచుకుంది.

"ఏయ్, ఏయ్! ఇదుగో, నిన్నే! మీటింగుంది నాకు, దీన్ని లోపల పెట్టి వెళ్ళు!"

"మధ్యాహ్నం మీకు ఖాళీయేగా, కాస్త తిప్పండి. సాయంత్రం నేను చూసుకుంటాను," అన్నాను.

"మరి ఇప్పుడో?"

"పెట్టాలనుకుంటే మీరే పెట్టండి. కాకపోతే, గొళ్ళెం వేసేటప్పుడు దాని మొహం చూస్తూ వెయ్యండి."