హన్మవ్వ కట్టిన పిలుపులు

ఎల్లారెడ్డి బస్టాండు వెనక పదహారు మంచాల చిన్న దవాఖానలో పొద్దుటి డ్యూటీకి కళ్యాణి ఒక్కతే నర్సు. ఒక చేత్తో బీపీ చూస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకొని, అయిపోవచ్చిన సెలైన్ మీద ఒక కన్నేసి ఉంచేది. అందరూ "సిస్టర్" అనే పిలిచేవాళ్లు, అదీ ఒకేసారి.

కాలు విరిగి మూడో మంచం మీదున్న తాడ్వాయి హన్మవ్వ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. చేతులు ఊరికే ఉండవు. కళ్యాణి సూది పట్టుకున్నప్పుడల్లా, గాలిలో పోతున్న పిలుపును పట్టుకొని చుట్టి, దారంతో కట్టి తలగడ పక్కన పెట్టేది. విప్పేదాకా అది కళ్యాణికి వినబడదు. ఊపిరాడని వాళ్ల పిలుపు వేళ్లకు చురుక్కుమనేది, దాన్ని మాత్రం పోనిచ్చేది.

"అవ్వా, నాది ఉన్నదా?" అని అడిగేవాళ్లు.

"ఉన్నది. నీ ముంగట ఇద్దరున్నరు."

ఆ మంగళవారం హన్మవ్వను ఎక్స్‌రేకు తీసుకుపోయారు. కళ్యాణి ఆరో మంచం గంగకు ఇన్సులిన్ సిరంజిలోకి ఎక్కించింది. అంతలో పన్నెండో మంచం దగ్గర సెలైన్ ఆగిందంటే, సిరంజి చేతిలో పట్టుకొనే అటు పోయింది. అక్కడున్నామె పేరూ గంగే. నస్రుల్లాబాద్ కూలీ, ఐదో నెల కడుపు, జ్వరంతో రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఫోన్లో డాక్టరు, "గంగకు ఇంజెక్షన్ అయిందా?" అన్నాడు. అటు నలుగురు, ఇటు ముగ్గురు పిలుస్తున్నారు. కళ్యాణి ఎదుటనున్న గంగ చేతికి దూది రాసింది.

చక్రాల కుర్చీలో తిరిగొస్తున్న హన్మవ్వ గడప దగ్గరే అది చూసింది. చేతిలో దారం లేదు. కొంగు అంచు చింపి, వేళ్లకు చురుక్కుమన్న ఒక్కదాన్ని వదిలి, గదిలోని మిగతా పిలుపులన్నిటినీ ఒకే కట్టగా బిగించింది.

గది నిమ్మళమైంది. అప్పుడు వినబడింది, గంగ మూడోసారి మెల్లగా అంటున్న మాట:

"సిస్టరమ్మా, నాకు షుగర్ లేదు."

కళ్యాణి చెయ్యి ఆగిపోయింది. మంచం తలాపున ఉన్న కాగితం చదివి, సూదికి మూత పెట్టింది.

ఫోన్లో తన పిలుపు కూడా ఆ కట్టలో పడి అందక డాక్టరే వచ్చాడు. కళ్యాణి ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన ఆరో మంచం దగ్గరికి తనే నడిచి కాగితం తీసుకున్నాడు.

"పేరు నేను సదువుత. నువ్వు సూది చూస్కో. రేపటికెల్లి ఇంకొక సిస్టర్ వస్తది." హన్మవ్వ కట్ట విప్పి, పిలుపులను ఒక్కొక్కటిగా వదిలింది.

నాలుగో రోజు జ్వరం తగ్గి గంగ ఇంటికి బయల్దేరింది. కళ్యాణి గేటు దాకా వెళ్లింది.

"కాన్పుకు ఈడికే వస్త," అన్నది గంగ.

"రా. పేరు, ఊరు మూడుసార్లు అడుగుత. యాష్ట పడొద్దు."