ఒడి గోధుమలు

గంధకం ఘాటుకు శేవంతా కళ్ళు పొద్దుటినుంచీ కారుతూనే ఉన్నాయి. ఎండుద్రాక్ష ఆకుపచ్చగా మెరవాలని షెడ్డువాళ్ళు దానికి గంధకం పొగ పెడతారు. ఆ పొగ సరుకుకు పట్టి ఊరుకోదు. కుప్పల ముందు కూర్చుని తొడిమలూ నల్లకాయలూ ఏరే ఆడవాళ్ళ గొంతుల్లోనూ చేరి కూర్చుంటుంది. కూలి మూడువందలు. మధ్యలో లేచిపోతే సగమే.

అందుకే, గేటు ముందు జీపు ఆగిందనీ, పుట్టింటివాళ్ళు వచ్చారనీ మేస్త్రి కేకేసినా ఆమె చప్పున లేవలేదు.

"లేవవే," అంది పక్కనున్న హౌసాబాయి. "పెళ్ళికూతుర్ని తీసుకుపోయినట్టు జీపేసుకొచ్చారు. నువ్వు ఎక్కకపోతే నేనెక్కి పోతా."

శేవంతా నవ్వలేదు. భర్త పోయాక పుట్టింటినుంచి ఆమెను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. దీపావళి వెళ్ళిన విదియనాడు తమ్ముడికి తన చేత్తో అన్నం పెట్టాలని ఏటేటా బొబ్బట్లు చేసేది. చీకటిపడేదాకా ఎదురుచూసి, మర్నాడు వాటినే షెడ్డుకు మూట కట్టుకొచ్చేది.

షెడ్డు గోడ నీడలో తమ్ముడు ఉత్తమ్ నిలబడి ఉన్నాడు. అతని భార్య సులభ చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. జీపులోంచి తల్లి తానూబాయి మెల్లిగా కిందికి దిగుతోంది. మొన్న వానాకాలంలో తండ్రి కర్మలనాడు చూసుకున్నారు తల్లీకూతుళ్ళు, మళ్ళీ ఇప్పుడే. తల్లి దగ్గరికొచ్చి శేవంతా ముంజేతులు తడిమి చూసింది.

ఉత్తమ్ చెప్పిందంతా ఆమె విన్నది. అకాలవానకు ద్రాక్షగుత్తులు పగిలి తీగమీదే కుళ్ళిపోయాయి. బ్యాంకు మళ్ళీ అప్పివ్వాలంటే నాలుగెకరాల తోటా అతనొక్కడి పేరనే ఉండాలి. తల్లీ, చెల్లెలు మంగలా ఇప్పటికే సంతకాలు పెట్టేశారు. ఇక మిగిలింది శేవంతాయే. రిజిస్ట్రారు ఎదురుగా, నా ఇష్టంతోనే నా వాటా తమ్ముడికి వదులుకుంటున్నానని చెప్తే చాలు. అతని గొంతులో అబద్ధం లేదు, భయం ఉంది. నిద్రలేక కళ్ళకింద చర్మం నల్లగా వేలాడుతోంది. ఆమెకు జాలే వేసింది.

ఆ తోట ఆమెకు తెలియనిదా. బోరు ఎండిన ఏడు తండ్రి ఆమెను బడి మాన్పించి తీగలకు బిందెలతో నీళ్ళు మోయించాడు. ఉత్తమ్ సాంగ్లీలో కాలేజీకి వెళ్ళాడు. వాడు ఇంటికొచ్చినప్పుడల్లా తల్లి జొన్నరొట్టె మీద వెన్నముద్ద వాడికి పెట్టి, ఈమెకు పచ్చిమిరపకాయ నూరి పెట్టేది. చదువుకునేవాడు కదే, అనేది. అది అన్యాయమని అప్పుడు ఎవరికీ తోచలేదు, శేవంతాకూ తోచలేదు. తర్వాత, భర్త పోయి మరుదులు ఇంట్లోంచి గెంటేసినప్పుడు, తోటలో ఓ మూల రేకులపాక వేసుకుంటానని పుట్టింటికి వచ్చి అడిగింది. తండ్రి తల వంచుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారని అన్నది తమ్ముడే. షెడ్డు దగ్గర తీసుకున్న అద్దెగదిలో పడుకున్న ప్రతిరోజూ ఆమెకు ఆ మూలే కళ్ళలో మెదిలేది. ఎక్కడ చావాలో తెలియని మనిషికి నాలుగు తీగల నీడ తక్కువేం కాదు.

"సంతకం పెట్టక్కా. గుమ్మం నీకెప్పుడూ తెరిచే ఉంటుంది," అన్నాడు ఉత్తమ్. తల్లివైపు చూశాడు. "పెట్టలేదా, అమ్మ మొహం మళ్ళీ చూడలేవు. కఠినంగా ఉందనుకో, నేను చెప్పేది అంతే."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెట్టెయ్యవే శేవంతా. నేనూ మా అన్నలకు వదిలేశాను. ఏమైంది ఇప్పుడు?"

ఏమైందో శేవంతాకు తెలుసు. ఒక చీర వచ్చింది. ఆ తర్వాత మేనమామల ఊరి దారిలో గడ్డి మొలిచింది.

సులభ పళ్ళెం మీది గుడ్డ తీసింది. ఆకుపచ్చ చీర, రవికగుడ్డ, పసుపూ కుంకుమా, కొబ్బరికాయ, కుప్పగా గోధుమలు. బయల్దేరేముందు ఒడి నింపుతాను, కొంగు పట్టండి వదినా, అంది. షెడ్డు గుమ్మంలో ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పుట్టింటి గింజ కొంగులో పడ్డాక ఆడపడుచు ఇక కాదనడానికి లేదని వాళ్ళందరికీ తెలుసు.

శేవంతా ఆ గోధుమలవైపు చూసింది. మేనకోడలి పెళ్ళిలో ఇదే సులభ, వరసగా కూర్చున్న ఆడవాళ్ళందరికీ ఒడి నింపుతూ వచ్చి, తన ముందుకు రాగానే పళ్ళెం పక్కకు తిప్పుకుంది. మొగుడు లేనిదానికి ఒడి నింపరు. తల్లే వచ్చి చెయ్యిపట్టి లేపి, ధాన్యం గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"విధవకు ఒడి నింపుతారా సులభా?"

సులభ మొహం కందిపోయింది. "కాలం మారింది కదా వదినా. అలాంటివి మేమిప్పుడు పట్టించుకోవడం లేదు."

"మంచిదే. అయితే ముందు అమ్మకు నింపు. పెద్దది. నాన్న పోయాక ఆమె కొంగులో ఎవరూ గింజ వెయ్యలేదు."

గోధుమలు తియ్యబోయిన సులభ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. ఆమె మొగుడివైపు చూసింది.

"అమ్మకెందుకిప్పుడు?" అన్నాడు ఉత్తమ్, గొంతు తగ్గించి. "ఆఫీసు మూసేస్తారు, పద."

"అమ్మ సంతకం అయిపోయింది కాబోలు," అంది గుమ్మంలోంచి హౌసాబాయి.

శేవంతా తల్లిని ఒకసారి చూసుకుంది. కళ్ళలో నీళ్ళు నిండి ఆ మొహం సరిగా ఆనలేదు. అది గంధకమే కావచ్చు.

"నేను రాను తమ్ముడూ," అంది. "నీ ఇష్టంతోనేనా అని అక్కడ అడుగుతారన్నావు. నా ఇష్టంతో కాదు."

ఆమె తన కొంగు తీసి నడుముకు చుట్టి దోపుకుంది.

ఉత్తమ్ జీపెక్కి తలుపు గట్టిగా వేసుకున్నాడు. సులభ పళ్ళెం పట్టుకుని వెనక కూర్చుంది. బండి కదలడానికి సిద్ధంగా ఉరుముతోంది. రా అమ్మా, అని అతను రెండుసార్లు పిలిచాడు.

తానూబాయి కదల్లేదు. కోడలి ఒళ్ళో ఉన్న పళ్ళెంలోని గోధుమలవైపే చూస్తోంది. ఆమె చేతులు రెండూ, ఆమెకే తెలియకుండా, వెలిసిపోయిన కొంగును కాస్త చాచి పట్టుకుని ఉన్నాయి.